ఎవరు చెప్పిన టీకా?

(ఫిలడెల్ఫియా శివార్లలో జరిగిన తెలుగువాళ్ల ఆరోగ్య సదస్సులో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. పక్క గదిలో పిల్లలకి పిజ్జా పెట్టారు కాబట్టి మనకి ఓ ముప్పావు గంట దొరికినట్టే. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు ముందు "టీకాలు మంచివా, చెడ్డవా" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పను అన్నాను. నేను ఫార్మసిస్టుని. వరంగల్‌లో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి మళ్లీ పరీక్షలు రాసి, పద్దెనిమిదేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ఒక మనిషి వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిస్తే, సూది వెయ్యడానికి నాకు అనుమతి ఏ కాగితం ఇస్తుంది? ఆ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఇవాళ దాని గురించే చెప్తాను.

2025 ఆగస్టు చివరి వారం. మనవాళ్లే, యాభై ఐదు దాటిన ఒకాయన వచ్చారు. సెప్టెంబరు 2న ఫ్లైట్. కాకినాడలో ఎనభై రెండేళ్ల తల్లి దగ్గర నెల రోజులుండి వస్తారట. కోవిడ్ టీకా వేసేయమ్మా, ఎయిర్‌పోర్టుల్లో తిరగాలి కదా అన్నారు. ఆ ఏడాది కొత్త టీకాకి, మందులకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ, ఆగస్టు 27న ఆమోదం ఇచ్చింది. 65 దాటినవాళ్లకి, అంతకంటే చిన్నవాళ్లయితే ఏదైనా జబ్బు ఉన్నవాళ్లకి. ఈయనకి షుగర్ ఉంది, ఆ లెక్కలో సరిపోయారు. సరుకు మా ఫ్రిజ్‌లోకి వచ్చింది కూడా. అయినా నేను వెయ్యలేనన్నాను.

"అదేంటమ్మా, అదిగో ఫ్రిజ్‌లో కనపడుతోంది కదా!"

కనపడుతోంది, నిజమే. కానీ అప్పటికి మా రాష్ట్రంలో ఫార్మసిస్టు సొంతంగా వెయ్యగలిగింది ఏసీఐపీ అనే కమిటీ సిఫారసు చేసిన టీకాలు మాత్రమే. ఆ కమిటీ ఆ ఏడాది కోవిడ్ టీకా గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే పది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. టీకా లేకుండానే వెళ్లిపోయారు. ఆయన ఎక్కిన మర్నాడు, సెప్టెంబరు 3న, పెన్సిల్వేనియా ఫార్మసీ బోర్డు సమావేశమై, పిల్లల వైద్యుల సంఘం లాంటి ఇతర సంస్థల సిఫారసులను బట్టి కూడా ఫార్మసిస్టులు టీకాలు వెయ్యొచ్చని ఏకగ్రీవంగా ఓటేసింది. టీకా మారలేదు, ఫ్రిజ్ మారలేదు, నా చేతిలో సూది మారలేదు. రూల్లో సిఫారసు చేసేవాళ్ల పేర్లు మారాయి, అంతే.

ఆ పేరు కథ చెప్తాను. ఏసీఐపీ 1964లో పుట్టింది. జబ్బుల నివారణ చూసే కేంద్ర సంస్థ సీడీసీకి టీకాల మీద సలహా చెప్పే కమిటీ. పిల్లల డాక్టర్లు, అంటువ్యాధుల నిపుణులు, గణాంకాలవాళ్లు, ప్రజల తరఫున ఒకరు, ఇలా ఉంటారు. సమావేశాలు బహిరంగం. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూడొచ్చు. చాలా బోర్ కొడుతుంది, నేను చూశాను. (నవ్వులు) పేరులోనే ఉంది చూడండి, సలహా కమిటీ. సలహా ఇవ్వడం వరకే దాని పని. మరి సలహా చట్టం ఎలా అయ్యింది?

మీలో గుంటూరువాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మిర్చి ఒప్పందాలు ఎలా రాసుకుంటారో మీకు తెలుసు. "సరుకు దింపిన రోజు యార్డు రేటు ఎంతుంటే అంత" అని రాసుకుంటారు. రేటు ఎంతో కాగితంలో ఉండదు. యార్డు మీద నమ్మకం ఉంటుంది, రోజూ మారే రేటు కోసం రోజూ కొత్త కాగితం రాసుకునే బాధ తప్పుతుంది. అమెరికా రాష్ట్రాల శాసనసభలు సరిగ్గా అదే చేశాయి. టీకాల జాబితా ప్రతి ఏడాదీ మారుతుంది, ప్రతిసారీ బిల్లు పెట్టి ఓటెయ్యడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని చట్టంలో "ఏసీఐపీ సిఫారసు చేసిన టీకాలు" అని ఒక్క ముక్క రాసేసి ఊరుకున్నారు. ఫార్మసిస్టు ఏం వెయ్యొచ్చు అన్నచోట ఆ ముక్కే. ఇన్సూరెన్స్ ఏం కట్టాలి అన్నచోటా అదే. కొన్ని రాష్ట్రాల్లో బడి నిబంధనల్లో కూడా అదే.

కేంద్రం కూడా అదే దారి పట్టింది. 1989 నుంచి 1991 వరకు ఇక్కడ తట్టు బాగా చెలరేగింది. మనవైపు పొంగు అని కూడా అంటాం. దాదాపు 55,000 కేసులు, 120 మందికి పైగా చనిపోయారు. వెతికి చూస్తే, జబ్బు పడ్డవాళ్లలో చాలామంది టీకా పడని చిన్నపిల్లలు. డాక్టర్ దగ్గరికి వెళ్లినా, డబ్బు కట్టలేరని టీకా వెయ్యకుండా వేరేచోటికి పంపించేసిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. దాంతో 1993లో చట్టం చేసి, 1994 నుంచి పేద పిల్లలకి, ఇన్సూరెన్స్ లేని పిల్లలకి ఉచితంగా టీకాలిచ్చే పథకం మొదలుపెట్టారు. ఇవాళ ఈ దేశంలో సుమారు సగంమంది పిల్లలు దాని కిందికి వస్తారు. ఆ పథకంలో ఏ టీకా ఉండాలో తేల్చే అధికారాన్ని ఏసీఐపీ ఓటుకే ఇచ్చారు. ఆ తర్వాత 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టంలో, ఏసీఐపీ సిఫారసు చేసి సీడీసీ ఒప్పుకున్న టీకాలకి ఇన్సూరెన్స్ కంపెనీలు మొత్తం ఖర్చు పెట్టుకోవాలని రాశారు.

అంటే పేరుకి సలహా, పనికి శాసనం. ముప్పై ఏళ్లు ఎవరికీ ఇబ్బంది రాలేదు. 1995 నుంచి సీడీసీ, పిల్లల వైద్యుల సంఘమైన ఏఏపీ, ఫ్యామిలీ డాక్టర్ల సంఘం కలిసి ఒకటే పట్టిక వేస్తూ వచ్చాయి. ఎవరిని అడిగినా అదే రేటు, యార్డు ఒక్కటే కాబట్టి.

2025 జూన్ 9న ఆరోగ్య శాఖ మంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ ఆ కమిటీలో ఉన్న 17 మందినీ ఒకేరోజు తీసేశారు. రెండు రోజుల్లో 8 మంది కొత్త పేర్లు ప్రకటించారు. ఆయన చెప్పిన కారణం, పాతవాళ్లకి మందుల కంపెనీలతో ప్రయోజనాల సంబంధాలు ఉన్నాయని.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ మాట వినగానే కొట్టిపారెయ్యడం నాకు చేతకాదు, ఎందుకంటే మనకి ఖమ్మం గుర్తుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లో వడోదరలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన ప్రాజెక్టు. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఆశ్రమ పాఠశాలల్లో గిరిజన పిల్లలకి తల్లిదండ్రుల సంతకాల బదులు వార్డెన్ల సంతకాలతో వేశారని తర్వాత బయటపడింది. 2010లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం, అనుమతులు ఎలా తీసుకున్నారు, ఎవరి ప్రయోజనం కోసం చేశారు అని గట్టిగానే నిలదీసింది. మంచి టీకా కూడా అడ్డదారిన వస్తే జనం నమ్మకం పోతుంది. హెచ్‌పీవీ విషయంలో మనం ఆ మూల్యం చాలా ఏళ్లు చెల్లించాం. కాబట్టి "సిఫారసు చేసేవాళ్ల జేబులో ఎవరి డబ్బుంది" అన్న ప్రశ్న న్యాయమైనదే. ఏసీఐపీలో సభ్యులు అలాంటి సంబంధాలు బయటపెట్టాలి, సంబంధం ఉన్న ఓటుకి దూరంగా ఉండాలి అన్న నిబంధనలు ముందు నుంచీ ఉన్నాయి. అవి చాలవనుకుంటే బిగించొచ్చు. కాటా తేడాగా ఉందనుకుంటే కాటా సరిచేస్తాం. కాటా దగ్గర మనుషులందరినీ ఒక్కరోజులో పంపించేసి, సాయంత్రానికల్లా మనకి కావలసినవాళ్లని కూర్చోబెట్టి, రేటు మాత్రం రేపటి నుంచి వీళ్లు చెప్పిందే అంటే, అది సరిచెయ్యడం అనిపించుకోదు.

ఆ తర్వాత సంగతులు మీరు వార్తల్లో చూశారు. ఆగస్టు 27న సీడీసీ డైరెక్టర్ సుసాన్ మోనారెజ్‌ని తీసేశారు. ప్రమాణం చేసి నెల కూడా కాలేదు. కొత్త కమిటీ ఏం చెప్పినా ముందే ఒప్పుకోమన్నారని ఆవిడ సెనేట్ కమిటీ ముందు చెప్పింది. డిసెంబరు 5న కమిటీ 8-3 ఓటుతో, తల్లికి హెపటైటిస్-బి అనే కాలేయపు వైరస్ లేదని తేలితే పుట్టిన బిడ్డకి వెంటనే టీకా వెయ్యాలా వద్దా అన్నది తల్లిదండ్రులు డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలని చెప్పింది. 1991 నుంచి అది బిడ్డలందరికీ ఉన్న సిఫారసు. 2026 జనవరి 5న సీడీసీ, పిల్లలందరికీ అని చెప్పే టీకాల్ని 17 జబ్బుల నుంచి 11కి తగ్గించింది. ఏఏపీ ఒప్పుకోలేదు, తన పట్టిక తను వేసుకుంది. 1995కి ముందులాగే మళ్లీ రెండు యార్డులు, రెండు రేట్లు.

ఇప్పుడు రాష్ట్రాలు. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి, సిఫారసు వేరు, నిర్బంధం వేరు. బడిలో చేరాలంటే ఫలానా టీకా ఉండాలి అన్నది ఎప్పుడూ రాష్ట్రాల చేతిలోనే ఉంది, వాషింగ్టన్ చేతిలో లేదు. మసాచుసెట్స్‌లో జాకబ్‌సన్ అనే ఆయన మశూచి టీకా వేయించుకోనంటే 5 డాలర్లు జరిమానా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1905లో రాష్ట్రానికి ఆ అధికారం ఉందని తీర్పు వచ్చింది. రాష్ట్రాలు కేంద్రం మీద ఆధారపడింది "ఏ టీకా" అన్న జాబితా దగ్గర. అది కూడా తమంతట తాము పెట్టుకున్న ముడి. తాము వేసిన ముడి తామే విప్పుకోవచ్చు కదా అన్నదే ఇప్పుడు నడుస్తున్న శాసనాల సారం.

కొలరాడో ముందే మేల్కొంది. కమిటీని తీసెయ్యకముందే, బడి టీకాల నిబంధనలు రాసేటప్పుడు ఏసీఐపీ ఒక్కదాన్నే కాకుండా పిల్లల వైద్యుల, ఫ్యామిలీ డాక్టర్ల, ప్రసూతి వైద్యుల, ఫిజీషియన్ల సంఘాల మాట కూడా చూడొచ్చని చట్టం మార్చుకుంది.

కాలిఫోర్నియాది ఇంకో పద్ధతి, నాకు చాలా ఆసక్తిగా అనిపించిన పద్ధతి. 2025 సెప్టెంబరు 17న గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 144 అనే చట్టం అది. దాంట్లో ఏం రాశారంటే, 2025 జనవరి 1 నాటికి ఏసీఐపీ సిఫారసులు ఎలా ఉన్నాయో అవే పునాది. అక్కడి నుంచి మార్పులు చెయ్యాలంటే రాష్ట్ర ఆరోగ్య శాఖ చేస్తుంది, వైద్య సంఘాల మాట పరిశీలించి చేస్తుంది. గుంటూరు భాషలో చెప్పాలంటే, "కాటా దగ్గర మనుషులు మారకముందు ఉన్న రేటు మాకు లెక్క. ఇకమీదట పెంచాలన్నా తగ్గించాలన్నా మా ఊరి పెద్దే చెప్తాడు." ఫార్మసిస్టు వేసేదీ, రాష్ట్రం అదుపులో ఉన్న ఇన్సూరెన్స్ కట్టేదీ ఆ జాబితా ప్రకారమే.

ఇక కలిసి నడవడం. కాలిఫోర్నియా, ఓరెగాన్, వాషింగ్టన్, వెనువెంటనే హవాయి, కలిసి పడమటి తీరం కూటమి పెట్టుకున్నాయి. ఇటువైపు మన పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్, కనెక్టికట్ లాంటివి ఒక గుంపు. న్యూయార్క్‌లో గవర్నర్ అత్యవసర ఉత్తర్వు ఇస్తే తప్ప ఫార్మసీల్లో కోవిడ్ టీకా దొరకలేదు. అలాంటి ఉత్తర్వులకి గడువు ఉంటుంది, ఊరికే పొడిగిస్తూ పోవాలి. అందుకే చట్టమే మార్చాలంటున్నారు.

వ్యతిరేక దిశలో వెళ్తున్న రాష్ట్రాలూ ఉన్నాయి, వాళ్ల సంగతీ చెప్పాలి. ఐడహో 2025లో, టీకాతో సహా వైద్యం ఏదీ ఉద్యోగానికో, ప్రవేశానికో షరతుగా పెట్టకూడదని చట్టం చేసింది. ఫ్లోరిడాలో సర్జన్ జనరల్, అంటే ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ అధిపతి, లడాపో సెప్టెంబరు 3న, టీకా నిర్బంధాలన్నీ ఎత్తేస్తామన్నాడు. కానీ ఆయన శాఖ సొంతంగా తీసెయ్యగలిగినవి నాలుగే. మిగతావి శాసనసభ చేసిన చట్టంలో ఉన్నాయి. శాఖ రాసిన రూల్‌కీ, శాసనసభ చేసిన చట్టానికీ తేడా ఏంటో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి కమిటీ పేరు కొట్టేస్తే ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలి? ఏఏపీ అని రాయమని చాలామంది డాక్టర్లు అంటున్నారు. నాకు వాళ్ల పట్టిక మీద నమ్మకం ఉంది, మా పిల్లలకి వేయించింది అదే. కానీ అది డాక్టర్ల ప్రైవేటు సంఘం. మనం ఓటేసి పెట్టింది కాదు, దాని సమావేశానికి వెళ్లి మనం నిలదీయలేం. ఓ ప్రైవేటు సంఘం రేపు ఏం చెప్తే అదే చట్టం అని శాసనసభ రాసిస్తే, శాసనం చేసే పనిని బయటివాళ్లకి అప్పగించారంటూ కోర్టులో కొట్టేసే ప్రమాదం కూడా ఉంది. పోనీ రాష్ట్ర ఆరోగ్య శాఖ అధిపతి పేరు రాద్దామా అంటే, ఆయన్ని పెట్టేది గవర్నర్. ఎన్నికలొస్తే గవర్నర్ మారొచ్చు. ఇవాళ మీకు నచ్చిన మనిషి ఉన్నాడని చట్టంలో అధికారం రాసిచ్చారు, రేపు ఆ కుర్చీలో లడాపో లాంటివాడు కూర్చుంటే? ఇక తేదీతో కట్టేసే పద్ధతి. అది స్థిరంగా ఉంటుంది, కానీ గడ్డకట్టిన చెరువులా ఉంటుంది. రెండేళ్ల తర్వాత మంచి కొత్త టీకా వస్తే ఆ జాబితాలో ఉండదు.

నన్నడిగితే కాలిఫోర్నియా దారే కాస్త మేలు. తేదీ పునాదిగా, మార్పు ఆరోగ్య శాఖ చేతిలో. కానీ ఒక షరతు కలపాలి. ఆ శాఖ ఏ మార్పు చేసినా బహిరంగ సమావేశంలో చెయ్యాలి, ఎందుకు చేశారో రాసి పెట్టాలి, ఎవరి దగ్గర ఏ డబ్బు తీసుకున్నారో అక్కడే చెప్పాలి. పాత ఏసీఐపీలో నాకు నచ్చింది ఆ బోరు కొట్టే సమావేశాలే. ఆ బోరుని రాష్ట్రాలు తెచ్చుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. మన తెలుగువాళ్లకి ఇది ముఖ్యం, కాస్త శ్రద్ధగా వినండి. ఏ టీకా వెయ్యాలో చెప్పే అధికారం రాష్ట్రం తెచ్చుకోవచ్చు. బిల్లు ఎవరు కడతారు? మీలో చాలామంది పెద్ద కంపెనీల్లో పని చేస్తున్నారు. మీ కార్డు మీద ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది, కానీ చాలాసార్లు డబ్బు పెట్టేది మీ యజమానే. ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు చూస్తుంది, అంతే. అలాంటి ప్లాన్ల మీద రాష్ట్రం చేసే ఇన్సూరెన్స్ చట్టాలు పనిచెయ్యవు. 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం అడ్డం. ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం, 2025 సెప్టెంబరు 1 నాటికి సిఫారసులో ఉన్న టీకాలన్నిటికీ 2026 చివరి దాకా కడతామని మాటిచ్చింది. మంచిదే. అది మాట, చట్టం కాదు, దానికి గడువుంది. పేద పిల్లల ఉచిత పథకమైతే ఇప్పటికీ ఏసీఐపీ ఓటుకే కట్టి ఉంది. ఆ ముడి విప్పడం ఏ రాష్ట్రం వల్లా కాదు, కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, విప్పాలి. అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంటికీ, ఇన్సూరెన్స్ లేని ఇంటికీ రాష్ట్ర చట్టం అందని చోట్లున్నాయి.

ఇంక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ప్రశ్న: ఇండియాలో ఈ గొడవ లేదు కదండీ?)

మరో రకంగా ఉందండీ, మనం గమనించం. అక్కడ ఎన్‌టాగీ అని సలహా సంఘం ఉంది, 2001 నుంచి. అది చెప్పింది కేంద్ర ఆరోగ్య శాఖ ఒప్పుకుంటే ఏఎన్‌ఎమ్ సంచిలోకి వస్తుంది. ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పట్టిక చూపిస్తారు. అందులో ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా ఉంటాయి, ప్రభుత్వ జాబితాలో ఉండవు. అంటే రెండు పట్టికలు మనకి ఎప్పట్నుంచో అలవాటే, డబ్బున్నవాళ్లకి ఒకటి, లేనివాళ్లకి ఒకటి. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనే ఉంది, కానీ టీకాలు కొనిచ్చేది ఢిల్లీ కాబట్టి ఢిల్లీ చెప్పిందే నడుస్తుంది. కొనేవాడి మాట చెల్లుతుంది, అక్కడైనా ఇక్కడైనా. 2016లో రోటావైరస్ టీకా మొదలైనప్పుడు కూడా కేంద్రమే ముందు నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి.

(ప్రశ్న: మా అమ్మాయికి ఏప్రిల్లో డెలివరీ. హెపటైటిస్-బి టీకా పుట్టగానే వేయించాలా?)

చూశారా, టీకాల మంచిచెడ్డలు చెప్పనన్నాను, లాగేశారు. (నవ్వులు) మీ డాక్టర్‌ని అడగండి, అదే నా మొదటి మాట. పిల్లల వైద్యుల సంఘం ఇప్పటికీ 24 గంటల లోపు వెయ్యమనే చెప్తోంది. పుట్టినప్పుడు ఆ వైరస్ సోకిన బిడ్డల్లో దాదాపు 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పైగా అది తల్లి నుంచి మాత్రమే రాదు, ఇంట్లో ఇంకెవరి నుంచైనా రావచ్చు. ఇండియా నుంచి బామ్మలు, తాతలు వచ్చి ఆరు నెలలు ఎత్తుకు తిరుగుతారు మన ఇళ్లల్లో. వాళ్లలో చాలామంది ఆ పరీక్ష చేయించుకుని ఉండరు. ఆస్పత్రిలో ముందే అడిగి పెట్టుకోండి, మీరు వద్దనకపోతే వేస్తారా, మీరు అడిగితేనే వేస్తారా అని. ఆస్పత్రికీ ఆస్పత్రికీ పద్ధతి మారుతోంది. నొప్పులొచ్చాక అడిగే ప్రశ్న కాదు అది.

అల్లుడుగారి ఉద్యోగం ఎక్కడ? పెద్ద కంపెనీయేనా? అయితే సోమవారం హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టమనండి, మన హెల్త్ ప్లాన్‌కి డబ్బు పెట్టేది కంపెనీయా, ఇన్సూరెన్స్‌వాళ్లా అని. జవాబు రాతలో తీసుకోమనండి. ఫోన్లో చెప్తే మళ్లీ మాట మారుస్తారు.